నేల మీద టీచరమ్మ

మధ్యాహ్నం భోజనాలయ్యాక, వృద్ధాశ్రమం పై అంతస్తు గదిలో టీచరమ్మ నేల మీద వెల్లకిలా పడి ఉంది. చప్పుడు విని పరిగెత్తుకొచ్చిన కొత్త నర్సింగ్ అసిస్టెంటు ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. కిటికీ దగ్గర మంచం మీద నుంచి, వరసకేమీ కాకపోయినా టీచరమ్మ ‘వదినా’ అని పిలిచే ముసలావిడ చూస్తోంది.

“చెయ్యివ్వవే అమ్మాయ్, గుడ్లప్పగించి చూస్తావేం?”

“ఇవ్వను. కదలకండి టీచరమ్మా. బెల్లు నొక్కాను, సిస్టర్ వస్తారు.”

“నొక్కేశావా! కొంప ముంచావు కదే. గబుక్కున లేపి మంచం మీద పడేస్తే ఎవరికీ తెలిసేది కాదు.”

“లోపల ఎముక విరిగుంటే?”

“విరగలేదు.”

“మీకెలా తెలుసు?”

“నా ఎముక సంగతి నాకు తెలీదా?”

“తలకి తగిలిందా?”

“లేదు. నడుం కింద భాగమే ముందు దిగింది. కావలసినంత కండుంది అక్కడ.”

“మెడ తిప్పకండి! ఉండండి, నేనే మీ పక్కన పడుకుంటా. ఆఁ, ఇప్పుడు పైకి చూస్తూనే మాట్లాడండి. చెవి పక్కనే ఉన్నా.”

“నువ్వూ నేల మీదేనా! వదినా, చూశావా ఈ పిల్లని? తెల్ల బట్టలని కూడా చూసుకోలేదు.”

“చేతివేళ్లు కదపండి. ఇప్పుడు కాలివి.”

“కదులుతున్నాయా?”

“బ్రహ్మాండంగా.”

“చెప్పానా! ఇక లేపు.”

“లేపను.”

“మొండిఘటానివి.”

“మా ట్రైనింగులో అదే చెప్పారండీ. పడ్డ మనిషిని చూస్తే లేపాలని చేతులు లాగేస్తాయి, ఆ చేతుల్ని వెనక్కి పెట్టుకుని ముందు సిస్టర్ని పిలవండి అని. దుప్పటి కప్పుతా, ఉండండి.”

“ఇదేం దుప్పటి కప్పడమే?”

“సరిగ్గానే కప్పాను కదండీ.”

“కాళ్లు బయటున్నాయి, మొహం లోపలుంది.”

“మొదటిసారి టీచరమ్మా. ఇంతవరకు బొమ్మతోనే చేశాను. ఆ బొమ్మ ఇన్ని మాటలనలేదు.”

“పిచ్చిదానా! బాగానే చేస్తున్నావులే. భయపడకు.”

“మీరు నాకు ధైర్యం చెప్తున్నారా? సరేగానీ, అసలెలా పడ్డారు?”

“బాత్రూముకెళ్తూ.”

“బాత్రూం అటు కదా.”

“చెప్పులు వెతుక్కుంటూ.”

“రెండూ మంచం కింద వరసగా ఉన్నాయి.”

“ఎన్ని ప్రశ్నలే నీకు! బళ్లో నేనడిగేదాన్ని ఇలా.”

“టీచరమ్మా.”

“గెంతాను.”

“ఏంటీ?”

“మెల్లిగా! తొక్కుడుబిళ్లాడాను. ఈ పలకల గచ్చు చూడు, గీతలు గీయక్కర్లేకుండా ఎంత బాగుందో.”

“ఒంటికాలి మీదా? ఈ వయసులోనా?”

“వదిన కోసమేనే. నోరు పడిపోయిన దగ్గర్నుంచీ ఒక్క మాట లేదు. డాక్టరేమో, మాట వచ్చే ఆశ ఉంది, పలకరిస్తూ ఉండండి అని వెళ్లిపోయాడు. పలకరించేది నేనేగా? పద్యాలు చదివాను. ఎక్కాలు ఒప్పజెప్పాను. ఈ ఆశ్రమంలో అందరి మీదా చాడీలు చెప్పాను, నీ మీద కూడా. ఊఁహూఁ, ఉలుకూ పలుకూ లేదు. ఇవాళ గెంతుతుంటే మాత్రం పెదవి కొస ఇలా వంకర పోయింది. నవ్విందే! ఆ సంబరంలో ఇంకో గెంతు గెంతాను. అంతే, నేల మీదున్నాను.”

“ఈ సంగతి సిస్టర్‌కి చెప్పాలండీ.”

“చెప్పావో, నీతో పలకను! గెంతానంటే ఇది పై గదిలో ఉండే మనిషి కాదని నన్ను కింది అంతస్తుకి తోలేస్తారు. వదినతో ఎవరు మాట్లాడతారు? తిన్నారా, మందేసుకున్నారా అని మీరు చక్కా పోతారు.”

“నిజమేననుకోండి. కానీ దాచలేనండీ. అదిగో, సిస్టర్ వచ్చేశారు.”

“అయ్యో రామా, ఇద్దరూ పడ్డారా?”

“లేదు సిస్టర్, నేను పడుకున్నాను. పడింది టీచరమ్మ. తలకి తగల్లేదంటున్నారు, మాట స్పష్టంగా ఉంది, వేళ్లన్నీ కదుపుతున్నారు. నేనేమీ కదపలేదు.”

“మంచి పని చేశావు. టీచరమ్మా, ఈ లైటు చూడండి. ఇక్కడ నొక్కితే నొప్పా?”

“అబ్బా! నొప్పి కాదు, నీ చెయ్యి మంచుగడ్డ.”

“ఈ కాలెత్తండి. అదీ. బీపీ బాగుంది, విరిగినట్టేమీ లేదు. అమ్మాయ్, నువ్వటు పట్టు, నెమ్మదిగా కూర్చోబెడదాం. ఆఁ, అంతే. ఇప్పుడు చెప్పండి, ఎలా పడ్డారు?”

“ఊరికే నడుస్తుంటే.”

“ఊరికే నడుస్తుంటేనా? అయితే కాళ్లు పట్టు తప్పుతున్నాయన్నమాట. ఇంక మిమ్మల్ని పైన ఉంచలేను. కింద నా గది పక్కన మంచం వేయిస్తా.”

“అయ్యయ్యో, అది కాదు...”

“సిస్టర్, నేను చెప్తాను. టీచరమ్మ ఏం చేశారంటే...”

“నోర్ముయ్యవే! నడుస్తూనే పడ్డాను, ఒట్టు!”

“అబద్... ధం.”

“ఎవరే ఆ మాటన్నది? నువ్వేనా అమ్మాయ్?”

“నేను కాదు టీచరమ్మా. అటు, కిటికీ వైపు చూడండి.”

“వదినా?”

“గెంతింది. గీత... తొక్కింది. ఔటు.”