కంచెకి ఇవతలివాళ్లు

మధ్యాహ్నం రెండు దాటింది, వాన ఇంకా తగ్గలేదు. పొద్దుట్నించీ ఈ ఆసుపత్రి వరండాలోనే కూర్చున్నారట, లోపల ఏం జరుగుతోందో ఒక్కరూ చెప్పరేం మీకు? కన్నతల్లికి చెప్పకపోతే ఇంకెవరికి చెబుతారు?

నేనెవరో మీకు తెలీదు. సాల్‌గోల్ నించి వచ్చాను. అవును, ఆ ఊరే. వెళ్లిపొమ్మంటే వెళ్లిపోతాను, ఒక్కమాట చెప్పి.

మా అబ్బాయి కిబొం కూడా మీ సోంగ్‌జేలాగేనండీ. ప్రతి కుర్రాడూ సైన్యంలో చెయ్యాల్సిన ఆ రెండేళ్లకీ పోలీసుల్లో వేసి, చేతికి డాలు ఇచ్చారు. మీవాణ్ణి అడిగి వేశారా? మావాణ్ణీ అడగలేదు.

మా మామగారికి నేల పోవడం ఇది మూడోసారి. చిన్నప్పుడు జపాన్‌వాళ్లు విమానాలకని పొలం లాక్కున్నారు. యుద్ధం వచ్చాక అమెరికావాళ్లు తమ సైనిక స్థావరానికని ఇల్లు పడగొట్టారు. సముద్రపు బురదకి గట్టు కట్టి, ఉప్పు కడిగి, మళ్లీ వరి పండించాడాయన. ఇప్పుడు వాళ్ల సైన్యానికి ఆ చోటు చాలదట, మా ఊరూ కావాలట. అడిగేది వాళ్ల ప్రభుత్వం, ఊకొట్టేది మన ప్రభుత్వం, లేచి పోవాల్సింది మేము.

ఆ దేశం నించే ఒకావిడ వచ్చి మా ఇంట్లో ఉంటోంది. లోరెటా అని, పంతులమ్మగా చేసి రిటైరైంది. మా ప్రభుత్వం చేస్తున్నది తప్పు అంటుంది, వచ్చీరాని మన భాషలో. ఆ మాట మీవాళ్లతో అనకపోయావా అన్నాడు మా మామగారు. అన్నానండీ, మీ మాట మీవాళ్లు విన్నట్టే మా మాట మావాళ్లూ విన్నారు అంది. ఆయన నవ్వి, తన గిన్నెలోంచి కిమ్చి పచ్చడి తీసి ఆవిడకి వేశాడు.

ఇవాళ తెల్లవారుతూండగా ఊరు ఖాళీ చేయించడానికి పోలీసులొచ్చారు. ముసలివాళ్లనీ ఆడవాళ్లనీ ముందు కూర్చోబెట్టడం మా ఊరి పద్ధతి. పెద్దవాళ్లమీద పిల్లలు చెయ్యి వెయ్యరని. మగవాళ్లు వెనక, వెదురు కర్రలతో. ఎదురుగా డాళ్లు, హెల్మెట్లు. పిల్లలందరూ ఒక్కలాగే ఉన్నారు.

స్థావరం కంచె అవతలా? ఒక్క అమెరికావాడూ బయటికి రాలేదండీ. లోపలెక్కడో బంతాట చప్పుడు వినిపిస్తోంది. మా కోపం ఎవరిమీదో వాళ్లు ఆటలో ఉన్నారు. ఇవతల మేమూ, మీ పిల్లలూ.

నా ఎదురుగా ఒకడు ఎడమ పాదం లోపలికి తిప్పి నిలబడ్డాడు. కిబొం అలాగే నిలబడతాడు. వీడే మావాడేమో అనుకున్నాను. మావాణ్ణి ఏ ఊళ్లో ఉంచారో మాకు తెలీదు మరి. ఏం అడగను? మన నోటికి ఇంకేం వస్తుంది చెప్పండి?

"బాబూ, అన్నం తిన్నావా?"

"తిన్నానమ్మా."

నోరు జారాడు పాపం. ఏ తల్లి అడిగినా పిల్లల నోట వచ్చే జవాబు అదేగా. గొంతు ముసుగులోంచి వచ్చింది, ఎవరిదో పోల్చుకోలేకపోయాను. తల వంచి నాకేసి చూశాడు. డాలు జానెడు కిందికి దిగింది.

అంతే. వెనక మావాళ్లకి ఆ సందు కనబడింది. నా భుజం మీదుగా కర్ర వచ్చింది. ఎవరిదని పోలీసులు ఊళ్లో అడుగుతున్నారు. మా ఆయనది. వాళ్లకీ చెబుతాను. ముందు మీకు చెప్పాలని వచ్చాను.

ఉండండి. అసలు మాట ఇంకా చెప్పలేదు.

ఆ కర్ర నా చేతికి అందేదే. చెయ్యి లేపి ఉంటే ఆగేది. లేపబోయాను కూడా. అంతలో హెల్మెట్ జాలీ వెనక మీవాడి ముఖం కనబడింది. గడ్డం మీద పుట్టుమచ్చ. కిబొం కాదు.

అమ్మయ్య, మావాడు కాదు అనుకున్నాను.

ఆ ఊపిరి వదిలేలోపు కర్ర దిగింది. హెల్మెట్ కింద, మెడమీద.

ఏమైనా అనండి.

మామగారు బురదకాళ్లతో ఇంటికొచ్చాడు. మా ఆయన వచ్చాడు. లోరెటా వచ్చింది. కిబొం ఇంకెక్కడో కాపలాలో ఉన్నాడట, ఫోను చేశాడు. అన్నం తిన్నావా అని అడగలేకపోయాను. వాడే చెప్పాడు, తిన్నానమ్మా అని.

మావాళ్లంతా వచ్చేశారండీ. మీవాడొక్కడే రావాలి.