మీరు ఊరెళ్లిన రోజు ఎలా చేస్తుంది?

సభాధ్యక్షులు ధర్మారావు గారికి, వేదిక మీది పెద్దలకు, ఈ ప్రత్యేక బడిలో నాతో కలిసి పనిచేసిన ఉపాధ్యాయులకు, దివిసీమ నుంచీ గుడివాడ నుంచీ బస్సులెక్కి వచ్చిన తల్లులకు నమస్కారాలు. ముందుగా ఒక పుకారు సరిదిద్దాలి. బుద్ధిమాంద్యం గల పిల్లలు రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలరో కొలిచే విదేశీ పత్రానికి నేను చేసిన తెలుగు రూపాన్ని, దాన్ని అచ్చువేయాల్సిన కమిటీ తిప్పికొట్టిందనీ, ఆ అవమానంతో విరమిస్తున్నాననీ బందరంతా చెప్పుకుంటున్నారట. విరమిస్తున్నది అరవై అయిదు నిండినందుకు. అది అవమానమైతే వచ్చే ఏడాది ధర్మారావు గారికీ తప్పదు. (నవ్వులు)

ఆ పత్రంలోని ప్రశ్నల్లో ఫోర్కు తీసి ముద్ద అని, స్నానపు తొట్టి తీసి చెంబు అని పెట్టడం రెండు రోజుల పని. తొంభై నాలుగులో ఆ మాత్రానికే మురిసిపోయాను. ఆ మురిపెం కోడూరు సులోచన గారు, అదుగో మూడో వరుసలో ఉన్నారు, అయిదు నిమిషాల్లో దించేశారు. వారి అమ్మాయి శేషారత్నం మన పనిశాలలో చేరాలంటే పత్రంలో సగం మార్కులు రావాలి.

"అమ్మాయి తనంతట తాను తింటుందా అమ్మా?" అన్నాను.

"అదేం మాటండీ, నేను లేనా? నేనే కలిపి పెడతాను."

"జడ?"

"తల్లి బతికుండగా దాని జడ అదే వేసుకోవాలా?"

ఆవిడ ప్రేమ చెబుతున్నారు, నేను సున్నాలు వేస్తున్నాను. చేర్చుకోలేమని సంతకం చేసింది కూడా నేనే.

నెల తర్వాత ఆవిడే వచ్చి మా బడి ఆయా ఝాన్సీలక్ష్మితో అంటున్నారు: "పామర్రు పెళ్లికెళ్లి రెండ్రోజులు ఇరుక్కుపోయానండీ. ఈ దొంగమొహంది అన్నం వండి, గంజి వార్చి, దూడకి కుడితి కూడా పెట్టింది."

ఆ రోజే ప్రతి ప్రశ్న కిందా ఒక వాక్యం చేర్చాను: "మీరు ఊరెళ్లిన రోజు ఎలా చేస్తుంది?" అది సరైన ప్రశ్నేనని నిరూపించడానికి పామర్రు నుంచి పాలకాయతిప్ప దాకా నాలుగు వందల ఇళ్లు, ఏడేళ్లు పట్టాయి. శేషారత్నం ఇప్పుడు మన పనిశాలలోనే ఉంది. నా మెడలోని ఈ దండ గుచ్చింది ఆమే.

కమిటీ తిప్పికొట్టలేదు. ఆ వాక్యం ఉంచుతాం గానీ, బందరులోని ఒక టీచరు పేరు మీద కాక కమిటీ పేరు మీద అచ్చువేస్తాం, ఒప్పుకోకపోతే పాత ప్రశ్నలే ఉంటాయి అన్నది. పోరాడమని మీరంతా పొద్దుటి నుంచీ చెబుతున్నారు. పేరంటే నాకు ఇష్టం లేదని అబద్ధమాడను, చాలా ఇష్టం. కానీ నేను పోరాడే ఏడాదిలో ఎందరు తల్లులు "నేనే పెడతాను" అని చెప్పి, పిల్లల్ని వెంటబెట్టుకుని వెనక్కి వెళ్లిపోతారు?

మీ ఆదరానికి కృతజ్ఞురాలిని. మిమ్మల్ని ఎవరినీ అడగనందుకు క్షమించండి. పేరు మీ కమిటీదే వేసుకోండి, ఆ వాక్యంలో మాత్రం ఒక్క అక్షరం కదపవద్దని వాళ్లకు రాసి, నిన్న ఉదయమే రిజిస్టరు పోస్టులో వేసి వచ్చాను. సెలవు.