వీధంతా వినపడిన కరకర

"కూర్చో టైలరూ, కూర్చో, తొందరేముంది! నాలుగింటికి కదా మా అమ్మాయి జ్యూస్ షాపు తెరిచేది, ఇంకా రెండు గంటలుంది. ఈ డబ్బా చూశావా? ఇందులో ఉన్నవాటి కోసం వారం రోజులు కుస్తీ పట్టాను."

టీకొట్టు బెంచీ మీద డబ్బా ఒళ్ళో పెట్టుకుని బేకరీ మామ మొదలెట్టాడు.

"మా అమ్మాయి ఏమంది? 'నాన్నా, పండ్లన్నీ సన్నగా తరిగి, నిమ్మరసం పిండి, సల్సా అని గిన్నెల్లో పెట్టి అమ్ముతాను. అందులో ముంచుకుని తినడానికి తియ్యగా, కరకరలాడేది ఏదైనా చేసివ్వు. మెత్తబడిందో, ఎదురు బేకరీ నుంచి తెప్పించుకుంటా' అంది. కన్నకూతురయ్యా! ముప్పై ఏళ్ళుగా ఓవెన్ ముందు నిలబడ్డవాణ్ణి పట్టుకుని ఎదురు బేకరీ అంటుందా? ఒళ్ళు మండిపోయింది."

"మండదా మరి" అన్నాడు టీ ఆయన, గ్లాసు అందిస్తూ.

"ముందు రస్కు ముంచాను, అది రసమంతా తాగేసి చేతిలోంచి జారి గిన్నెలో పడింది. తీపి బిస్కెట్ సగానికి విరిగింది. ఐస్‌క్రీం కోను ముక్కలు బాగానే ఉన్నాయి గానీ, పండు ముక్క ఎక్కగానే తల వేలాడేశాయి. నేను వదులుతానా? పిండి కాగితమంత పల్చగా వత్తి, మూడు మూలలుగా కోసి, వెన్న రాసి, పంచదార, దాల్చినచెక్క పొడి చల్లి కాల్చాను. సల్సాలో ముంచి ఐదు నిమిషాలు ఉంచాను. చెక్కు చెదరలేదు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"నాకు పట్టుదల పెరిగింది. పొద్దున ముంచి సాయంత్రం తీశాను. ఇంకా గట్టిపడింది! రెండు ఇటుకల మీద ఆ ముక్క పెట్టి, దాని మీద మా బావమరిదిని ఎక్కించాను. వాడు క్వింటాలు మనిషి, తెలుసుగా. ముక్క విరగలేదు సరికదా, ఇటుకలు విరిగాయి."

"బావమరిది క్షేమమేనా?" అన్నాడు టైలర్.

"వాడికేం, కిందపడి లేచి ఆ ముక్కే అడిగి మరీ కొరికాడు. ఏం చప్పుడయ్యా అది! గోడ కూలిందనుకుని పక్కింటివాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని రోడ్డు మీదకొచ్చారు. ఎవరో ఫోన్ చేశారు, ఫైరింజన్ వచ్చేసింది. ఆఫీసరు 'ఎక్కడ కూలింది?' అంటే, ఆయన నోట్లోనే ఒకటి పెట్టాను. ఆయన నములుతున్నంతసేపూ సైరన్ మోగుతూనే ఉంది, ఒక్కరికి వినపడితే ఒట్టు! ఇరవై ఏళ్ళుగా చెవులు వినపడని మా పెద్దమ్మ లోపల్నుంచి వచ్చి 'ఎవర్రా అంత గోలగా తినేది' అని కసిరింది. ఇంతలో పైన వెళ్తున్న విమానం..."

"విమానాన్ని కాసేపు ఆపు మామా." టైలర్ డబ్బా మీద చెయ్యి వేశాడు. "ముందు ఒకటి ఇటు పడెయ్. చెవులు మూసుకునే తింటాను."

మామ దర్జాగా మూత తీశాడు. మూత లోపలి వైపు నీటి చుక్కలు పట్టి ఉన్నాయి. టైలర్ ఒక ముక్క కొరికాడు. చప్పుడే లేదు. ఇంకోటి తీసి రెండు చేతులతో వంచితే బట్టలా మడత పడింది.

"మామా, దీంతో కాలర్ కుట్టొచ్చు."

టీ ఆయన తొంగి చూశాడు. "వేడి మీదే మూత పెట్టేశావా? ముప్పై ఏళ్ళ చెయ్యి కదా నీది!"

మామ ముఖం వాడిపోయింది. "వేడివేడిగా మా అమ్మాయి చేతిలో పెడదామనుకున్నానయ్యా. షాపులో మొదటి గిన్నె పక్కన నేను చేసినవే ఉండాలని... కంగారులో చల్లారనివ్వలేదు." డబ్బా పక్కన పెట్టేశాడు. తర్వాత గ్లాసులో సగం టీ అలాగే వదిలేసి లేచాడు. "ఎదురు బేకరీ డబ్బా నా కూతురి షాపులో చూసి నేను తట్టుకోలేను. మళ్ళీ వత్తుతాను, మళ్ళీ కాలుస్తాను. పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టుకుంటే అప్పుడడుగు."

చొక్కా చేతులు పైకి మడుస్తూ గబగబా రోడ్డు దాటుతున్న మనిషిని టైలర్ వెనక నుంచి కేకేశాడు.

"మామా, నాలుగింటికి మేమూ వస్తున్నాం! ఫైరింజన్ రాకపోయినా పర్లేదు, పక్క కుర్చీలో వాళ్ళకి వినపడితే చాలు!"