మెట్ల మీద ఆమేన్

సిస్టర్ అనకు. చెప్పానా లేదా? సొంత అక్కని పట్టుకుని సిస్టర్ ఏంట్రా, అదీ అమ్మ గది పక్కన ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని? నర్సు తననే పిలిచావనుకుని వెనక్కి తిరిగి చూసింది.

లే. అమ్మని ఇంకాసేపట్లో ఆపరేషన్‌కి తీసుకెళ్తారు. గుండె బలహీనంగా ఉంది, మత్తుకి తట్టుకుంటుందో లేదో చెప్పలేం అన్నారు. నువ్వూ విన్నావుగా. ఆమె అడిగేది ఒక్కటే. వాణ్ణొచ్చి ప్రార్థన చెయ్యమను, అప్పుడు వెళ్తాను అంటోంది.

ఏంటీ? మీ బావ బయటికొస్తే నువ్వు లోపలికొస్తావా?

ఎందుకు రావాలిరా ఆయన? బారులో వంట చేస్తాడు, ఒప్పుకుంటాను. చొక్కా నిండా నూనె వాసన, అదీ ఒప్పుకుంటాను. చుక్క ముట్టడని నీకూ తెలుసు. అమ్మ మంచం దిగలేకపోతే ఎత్తి కూర్చోబెట్టిందెవరు? మందు మింగనని మొండికేస్తే బతిమాలి మింగించిందెవరు? ఇప్పుడు కూడా ఆయన చెయ్యి పట్టుకునే పడుకుంది. ఆ చెయ్యి విడిపించి, మీరు లేవండి, మా తమ్ముడు పరిశుద్ధుడు, మీరుంటే రాడట అని నేను చెప్పాలా? నా నోట రాదు.

బైబిలు వాక్యం తియ్యకు. నేనూ బాప్తిస్మానికి నీళ్లల్లో మునిగినదాన్నే. మీ కొత్త చర్చి సహవాసం పుట్టకముందే మునిగాను.

దేవుడు మనల్ని లోకంలోంచి తీసి పక్కన పెట్టుకున్నాడు. సరే, కాదన్నానా? కానీ పక్కన పెట్టుకోడం వేరు, పక్కన పెట్టెయ్యడం వేరు. ఆయన నిన్ను పక్కన పెట్టుకుంటే, నువ్వేమో మమ్మల్నందర్నీ పక్కన పెట్టేశావు. ఆ రెండూ ఒకటేనని నీకెవడు చెప్పాడు?

వర్క్‌షాపు నుంచి ఆలస్యంగా వచ్చేవాడివి, గుర్తుందా? కూర దించగానే అమ్మ ముందు నీకు తీసి పక్కన పెట్టేది. పైన మూత. మేమెవరం ముట్టుకోకూడదు. ఓసారి చెయ్యి పెడితే గరిటె తిరగేసి వేళ్ల మీద కొట్టింది. ఎందుకు తీసిపెట్టేదిరా? చూసుకోడానికా? ఆకలితో వచ్చేవాడికి పెట్టడానికి. నువ్వు రాని రోజున పొద్దుటికి పాచిపోయేది. మంచి మంచి ముక్కలన్నీ అందులోనే ఉండేవి, అయినా పారబోసేవాళ్లం.

నువ్విప్పుడు అలాగే ఉన్నావు. మూత పెట్టుకుని కూర్చున్నావు. కోపమొస్తే రానీ.

స్ట్రెచర్ చక్రాల చప్పుడు వింటున్నావా? వచ్చేశారు.

ఒరేయ్, ఒక మాట. ఇందాక అమ్మ వాడేడీ అని అడిగితే, మెట్ల మీద ప్రార్థన చేస్తున్నాడమ్మా, అయిపోగానే వస్తాడు అని చెప్పాను. అబద్ధమే. నమ్మేసింది. దిండు మీద తల అటు తిప్పుకుని తలుపు వైపే చూస్తోంది.

ఉండు, మాట్లాడకు. అది మీ బావ గొంతు కాదూ?

అమ్మ ఆయన్నే చెయ్యమన్నట్టుంది. జన్మలో పైకి ప్రార్థన చేసినవాడు కాదురా. అన్నం ముందు కూడా నువ్వే కానియ్యి అంటాడు నన్ను. విను. "ప్రభువా... ఈవిడ మా అత్తయ్యండి. మీకు తెలిసే ఉంటుంది. ఈవిణ్ణి అప్పుడే మీ పక్కన పెట్టుకోకండి. మాకింకా కావాలండి."

దేవుణ్ణి మీరు అంటున్నాడు, బారు ఓనరుతో మాట్లాడినట్టు.

ఆగిపోయాడు. ఆమేన్ అనడం రాక కాదు. అమ్మే చెయ్యెత్తి ఆపుంటుంది. నీ కోసం చూస్తోంది.

నేనైనా అనాలి. ఇంతసేపూ నీ మీద ఎగిరిపడ్డాను, ఇప్పుడు ఒక్క మాట రావడం లేదు. నాకు భయమేస్తోంది.

లోపలికి రావద్దులే. నీ పరిశుద్ధత నీ దగ్గరే ఉంచుకో. ఆ ఆమేన్ ఒక్కటీ ఇక్కణ్ణుంచే అను. కాస్త గట్టిగా అను. నీ గొంతు గుర్తుపడుతుంది.