మూడు గైర్హాజరీల నిబంధన, మంగతాయారు గారి ప్రశ్న

శ్రీమతి మంగతాయారు గారు 1998 జూలై 14వ తేదీన నాచారంలోని మన ‘మలుపు’ వ్యసన విముక్తి కేంద్రంలో కౌన్సెలర్‌గా బాధ్యతలు స్వీకరించారు. అప్పట్లో కేంద్రమంటే రెండు గదులు, ఎనిమిది మంచాలు, ఒక హాజరు పట్టిక. ఇరవై ఏడేళ్ళ అవిశ్రాంత సేవానంతరం ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్న సందర్భంలో మన కేంద్రం పత్రికవాళ్ళు ఈ సంచికకు నన్ను నాలుగు మాటలు రాయమన్నారు. నాకు పొగడటం చేతకాదు. జరిగింది రాస్తాను.

తొలి పదేళ్ళు వారు ఉప్పల్, లాలాపేట్, చర్లపల్లి బస్తీలలో ఇంటింటికీ తిరిగి కుటుంబాలను చికిత్సలో భాగస్వాములను చేశారు. 2009లో సీనియర్ కౌన్సెలర్ అయ్యారు. ఉపన్యాసంతో తాగుడు మాన్పించగలమని నమ్మే మా అందరి మధ్య, “ఎందుకు?” అని అడిగి జవాబు పూర్తయ్యేదాకా వినే మనిషి వారొక్కరే.

2019లో టిమోతి వచ్చాడు. లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. బండి మీద నుంచి పడితే తలకు ఆపరేషన్ అయింది. ముందే ఉన్న తాగుడు ఆ తర్వాత రెట్టింపయింది. ఇక తాగితే మూర్ఛలు వస్తాయని వైద్యులు హెచ్చరించారు. మన కేంద్రంలో అప్పుడొక నిబంధన ఉండేది: వరసగా మూడు బృంద సమావేశాలకు రాకపోతే ‘మానాలనే ఇష్టం లేదు’ అని రాసి ఇంటికి పంపడం. టిమోతి మూడింటికీ రాలేదు. మూడో గైర్హాజరీ వేసింది వార్డు ఇన్‌చార్జిని, కార్మిక యూనియన్ సభల్లో మాట్లాడే నేనే.

అతని భార్య జెన్నిఫర్ బట్టల సంచి సర్దుతూ నన్ను కడిగేసింది.

“అన్నా, మైకు పడితే పేదోళ్ల కోసం ప్రాణమిస్తనంటవ్. గీ పేదోన్నేమో బయటికి నూకుతున్నవ్. ఇంకోపారి పడితే లేవడని దవాఖానాల చెప్పిన్రు, ఎరుకేనా?”

మంగతాయారు గారు టిమోతి మంచం పక్కన కూర్చున్నారు.

“ఎందుకు రాలేదు బాబూ?”

“ఎప్పుడు పిలిచిన్రు మేడం?”

“మూడు పార్లు నేనే చెప్పిన గద!” అని అరిచాను.

“ఏమని చెప్పారో అదే ఇంకోసారి చెప్పండి, రాఘవేంద్ర గారూ.”

“నాలుగ్గొట్టంగ పైహాలుకు రా, నోటుబుక్కు తెచ్చుకో, పోతపోత నర్సమ్మ దగ్గర గోలీలు మింగు” అన్నాను. టిమోతి లేచాడు. మేమిద్దరం వెనకే నడిచాం. గోలీలు మింగాడు. మెట్ల దగ్గర ఆగి పైకి చూశాడు, కిందికి చూశాడు, తిరిగొచ్చి మంచం మీద పడుకున్నాడు.

“హాలుకు పోలేదేంది?” అన్నాను.

“ఏ హాలన్నా?”

అతనికి ఇష్టం ఉంది. తలకు తగిలిన దెబ్బతో విన్న మాటే బుర్రలో నిలవడం లేదు. వారు ఆ సంచిని విప్పించి, యాజమాన్యంతో పోరాడి నెల రోజుల గడువు తెచ్చారు.

మంగతాయారు గారూ ఒక తప్పు చేశారు. పన్నెండు సూచనలను ఐదు రంగుల్లో రాసి మంచం ఎదుట పెద్ద చార్టు అంటించారు. జెన్నిఫర్ అది చూసి, “మేడం, గింత సదివితే నాకే తాగబుద్ధయితున్నది” అంది. అందరికంటే ముందు నవ్వింది మేడమే; చార్టు చింపిందీ వారే. అప్పటి నుంచి ఒకసారికి ఒక్క మాట, అదీ అతని నోటితో తిరిగి చెప్పించాకే. గంట సమావేశం పావుగంటయింది, రోజూ అదే కుర్చీలో, జెన్నిఫర్ పక్కనుండగా. తాగాలనిపిస్తే ఏం చేయాలో జేబులోని చీటీలో ఒక్కటే వాక్యం: ‘జెన్నిఫర్‌కు ఫోన్ చెయ్యి.’

గడువు ముగియకముందే టిమోతి ఒకనాడు తాగి వచ్చాడు. ఇక పంపేద్దామన్నారు పైవాళ్ళు. “కాలు విరిగినవాడు తూలితే చేతికర్ర లాక్కుంటామా?” అని వారు లేచి నిలబడ్డారు. టిమోతి కేంద్రంలోనే ఉన్నాడు. ఆ తర్వాత ఇంకోసారి జారాడు. ఇప్పుడు తాగక నాలుగేళ్ళు దాటింది. మతిమరుపు పోలేదు. చీటీ జేబులోనే ఉంటుంది.

అక్కడితో తృప్తి పడే మనిషి కాదు వారు. “మరి ఇంతకుముందు మనం పంపేసినవాళ్ళో?” అంటూ పాత ఫైళ్ళు దించారు. ‘ఇష్టం లేదు’ అని రాసి పంపినవారు నలభై ఒక్కరు. తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని ఒక్కరినీ మనం అడగలేదు. వెతికితే ఇరవై రెండు ఇళ్ళే దొరికాయి, మిగతావి ఇంకా దొరకలేదు. దొరికినవాటిలో తొమ్మిదింట్లో తగిలిందన్నారు. అందులో ఇద్దరు అప్పటికే పోయారు. ఆ రెండు గుమ్మాల ముందూ వారు తల వంచి నిలబడ్డారు, పక్కన నేనూ. 2021లో నిబంధన రద్దయింది. కేంద్రంలో చేరేవారిని నేడు మొట్టమొదట అడిగేది తలకు దెబ్బ తగిలిందా అన్న ఆ ప్రశ్నే.

మొన్న వారు తమ బల్ల ఖాళీ చేస్తూ, “జవహర్‌నగర్ వైపు మీకు తెలిసినవాళ్ళున్నారా?” అని అడిగారు. ఉన్నారు మేడం. మా యూనియన్ వాళ్ళకు అక్కడ ప్రతి గల్లీ తెలుసు. ఆదివారం పొద్దున్నే బయలుదేరుదాం. మీకు నిండు ఆరోగ్యం, సుదీర్ఘమైన ఆయుష్షు కలగాలి. ఇంకా పంతొమ్మిది తలుపులు తట్టాలి.