పొగ గొట్టంలో గోనె

అమ్మన్న టీ కప్పు కింద పెట్టి మీసం తుడుచుకున్నాడంటే ఇక బల్ల మీంచి ఎవరూ లేవకూడదు. ధాన్యం మిల్లులో బాయిలరుకి బొగ్గు వేసే మనిషి. మాటలకి మాత్రం బొగ్గు అక్కర్లేదు, వాటంతటవే రాజుకుంటాయి. ఆ ఆదివారం నాలుగున్నరకి మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా తిన్ తిన్ అనే బర్మా ఆవిడ టీ కొట్టు ముందు కొలువు తీరాడు. ఎదురుగా అతని చెల్లెలి మొగుడు నీలకంఠం కూర్చున్నాడు. బావ కోతలు నీలకంఠానికి అన్నంలో ఊరగాయ, రోజూ కాస్త నంజుకోకపోతే తోచదు.

“ఇయాల మజ్జానం పెద్ద చెరువు గట్టున డాక్టరు దొర బంగ్లాకి ఎల్లినాను,” అని మొదలెట్టాడు అమ్మన్న. “మన ఈరమ్మ ఆయా పని సేస్తన్న బంగ్లాయే. నీళ్ల గదిలో గేసు బాయిలరుంది. కుళాయి తిప్పితే యేణ్ణీళ్లు రావాలి. ఏటొస్తన్నాయి? అరగంటకి గోరెచ్చన. ఇద్దరు మేస్త్రీలు సూసి తల గోక్కుని పోనారట. బట్లరొచ్చి నా సేతులు పట్టుకున్నాడు. నాను ఓ మర ముట్టుకోనేదు, ఓ సీల తిప్పనేదు. బాయిలరుకి సెవి ఆనించినాను, అంతే.”

“ఏటన్నాది బాయిలరు?” అన్నాడు ట్రాము కండక్టరు చిన్నబాబు.

“‘అమ్మన్నా, నా యేడంతా పొగ గొట్టంలోంచి ఎల్లిపోతంది, కాపాడు’ అన్నాది. మా మిల్లులో ఏటి సేస్తాం? మంట అణిసీసి పొగదారి మూసీస్తే తెల్లారేసరికి ఆవిరి అలాగే నిలబడుంటాది. ఇక్కడా అదే మంత్రం ఏసినాను. ఓ బియ్యం గోనె తడిపి గొట్టంలో పీకదాకా కుక్కీసినాను. ఆ తరవాత ఏటైందో తెలుసా?”

అందరూ నవ్వారు. నీలకంఠమూ నవ్వాడు గాని, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. అతను రేవులో కళాసీ. కిందటేడు స్టీమరు అడుగున తలుపు బిగించుకుని, బొగ్గు కుంపటి పక్కన పడుకుని చచ్చిపోయిన ఇద్దరిని తనే భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. ఒంటి మీద చిన్న గాయం లేదు, నిద్రపోతున్నట్టే ఉన్నారు. రోజూ ఐదింటికి అతని పెళ్లాం వీరమ్మ ఆ నీళ్ల గదిలోనే దొరగారి బిడ్డకి స్నానం చేయిస్తుంది. పసిదానికి గాలి కొడుతుందని తలుపూ కిటికీ మూసుకుంటుంది.

“బావా, ఆ గోనె...”

“ఆగరా. గోనె పెట్టడం ఏటి, నీళ్లు కుతకుతలాడతా తన్నుకొచ్చీసినాయి. తొట్టి నిండింది, గది నిండింది, మెట్లు దిగి పోయి చెరువులో పడ్డాయి. సేపలు ఉడికి తేలిపోనాయి. గట్టు మీద జనం ఇళ్లకి పరిగెట్టి అన్నం గిన్నెలు తెచ్చుకున్నారు.”

“ఉప్పెవరేసినారు, కో అమ్మన్న?” అంది లోపల్నించి మా తిన్ తిన్, బర్మా వాళ్ల మర్యాదకి పేరు ముందు ‘కో’ చేర్చి.

“సెమటమ్మా, నా సెమట సరిపోనాది.”

గోనె కూడా కోతేనేమో అనుకుని నీలకంఠం గుండె చిక్కబట్టుకున్నాడు. అసలు బావ బంగ్లా గడపే తొక్కలేదేమో. అంతలో అతని చూపు అమ్మన్న చెయ్యి మీద పడింది. మోచేతి దాకా మసి. ఆదివారం మిల్లుకి సెలవు.

అమ్మన్న ఆపలేదు. “ఆ నీళ్లు అక్కడితో ఊరుకున్నాయేటి? కాలవ పట్టి రేవులోకొచ్చి స్టీమరు బాయిలర్లోకి ఎక్కినాయి. ఓ బొగ్గు ముక్క నేకండా స్టీమరు సముద్రం దాటి భీమిలి ఎల్లిపోనాది.”

“మజ్జానం బయల్దేరి ఎప్పుడు సేరింది, మావా?” అన్నాడు చిన్నబాబు.

“మూడింటికల్లా. టెలిగ్రాం కూడా వొచ్చీసింది.”

నీలకంఠం లేచి రెండు చేతులతో బావ భుజాలు పట్టుకున్నాడు.

“సేపలు ఉడకనేదని నాకు తెలుసు. స్టీమరు రేవులోనే ఉంది, పొద్దున్న దాని మూటలు నానే దించినాను. నీ మాట ఎప్పుడూ కాదననేదు బావా. ఈ ఒక్కటీ అబద్దమని సెప్పు. గోనె పెట్టనేదని సెప్పు. పొగ బయటికి పోకపోతే ఆ మూసిన గదిలో ఈరమ్మ సచ్చిపోతాది. ఐదవుతంది.”

అమ్మన్న తన మసి చేతులు చూసుకున్నాడు. 

“సేపలు అబద్దం,” అన్నాడు మెల్లగా. “స్టీమరు అబద్దం. బట్లరు పిలవనేదు, నానే ఎల్లి బతిమాలుకున్నాను. గోనొక్కటే నిజం రా.”

ఇద్దరూ పరిగెత్తారు. దారి సగంలో ఉండగానే స్టేషన్లో ఐదింటి బండి కూసింది. నీలకంఠం దేవుళ్లందరి పేర్లూ మరిచిపోయి పెళ్లాం పేరే తలుచుకుంటూ పరిగెత్తాడు. బంగ్లా పెరట్లోకి వచ్చేసరికి నీళ్ల గది కిటికీ మూసి ఉంది.

వెనక వరండాలో వీరమ్మ బిడ్డని ఒళ్లో పెట్టుకుని తల తుడుస్తోంది. నీలకంఠం వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని చూశాడు. వెచ్చగా ఉంది. రొప్పుతూనే సంగతంతా చెప్పాడు.

“బాయిలరు బాగుసేసీసినానని అన్న సెప్పినాడు గదా అని పసిబిడ్డకి ఆ నీళ్లు పోస్తానేటి?” అంది వీరమ్మ. “బుద్దెరిగిన కాడ్నించీ అన్న మాట ఎప్పుడు నమ్మినాను? దాన్ని యెలిగించనేనేదు. వంటింట్లో పొయ్యి మీద కాసుకున్నాను.”

తన మాట నమ్మనివాళ్లతో అమ్మన్న వారమేసి రోజులు పలికేవాడు కాడు. ఇప్పుడు మెట్ల మీద కూలబడి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. “అలాగే ఉండు తల్లీ,” అన్నాడు. “ఎప్పుడూ నమ్మకు.”

కాసేపటికి లేచి ఆ గోనె తనే లాగి పారేశాడు. నీలకంఠం వంగి బాయిలరు కింద చూస్తే మంట వచ్చే బెజ్జాలన్నీ తుప్పుతో పూడిపోయి ఉన్నాయి. నీళ్లు ఆలస్యంగా కాగడానికి కారణం అదీ. సూది పెట్టి పొడిస్తే పోయే జబ్బు.

ఇంతలో బట్లరు వచ్చి, ఆ తడిసింది ఏమిటని అడిగాడు.

“గోనె,” అన్నాడు అమ్మన్న. దానికి ఇంకో మాట కలపలేదు.