క్లౌడులో తెరిచిన వాకిలి

పత్తికొండలో, ఫోను సిగ్నలు అందే మిద్దె మీద, లాప్‌టాప్ ముందు నిస్సీ; పక్కనే మంచం మీద ఆమె తాత ఏసేపు.

“మళ్లా తిరిగె తాతా! నేను ఆపితే ఎవురో మళ్లా ఏస్తాండారు.”

“ఏందే తిరిగేది?”

“బనగానపల్లె మామిడితోటలో మోటారు. బోరులో నీళ్లు అయిపోయినాయి. ఇట్లే తిరిగితే కాలిపోతాది.”

“ఆడ మోటారు తిరిగితే ఈడ నీకెందుకే చెమటలు?”

“దాన్ని నెట్‌లో నడిపేది మా కంపెనీ. క్లౌడులో మాకు సొంత నెట్‌వర్కు ఉండాది, చుట్టూ గోడ కట్టినట్లు. కడప ఆఫీసోళ్లకు, నాకు తప్ప ఎవురికీ వాకిలి తీయదు.”

“కోసిగిలో మా బావీ అంతే. బొక్కెన ఏస్తే లోపల్నుంచి నీళ్లు ‘ఎవురప్పా నువ్వు?’ అని అడిగేవి. పేరు చెప్తేనే—”

“తాతా! నీ కతలు ఇప్పుడొద్దు.”

“సరే, సరే. గోడ ఉంటే దొంగ ఎట్లొచ్చె?”

“నేనే తెరిసినా. నీ ఫోను నెట్‌తో పనిచేస్తాండా కదా, దాని నెట్ నంబరు ఊరికూరికే మారుతాది. మారినప్పుడల్లా నన్నే బయట నిలబెడతాది. ఇసుగొచ్చి, ఏ నంబరోళ్లు వచ్చినా రానీమని పెట్టినా.”

“మూసెయ్, పోయె.”

“మూస్తే నేనూ బయటే! మోటారు ఆపేదెవురు? కడప ఆఫీసులో నాతో పనిచేసే ఓబులేష్‌కు చెప్పాల. చెప్తే నా ఉద్యోగం పోతాది.”

“అయితే వాకిలి తెరిసింది ఓబులేషే అను.”

“పిల్లలు గలాయన, తాతా! అదేంది, ఫోను దిండు కింద దాస్తాండావు?”

“దాస్తానా? ఎండకు కాలుతాదని…”

“ఇట్లియ్యి. మా మోటార్ల పేజీ దీంట్లో తెరిసుండాదే!”

“పొద్దున నువ్వే తెరిసి చూస్తివి కదా. నా మనవరాలు ఈడ కూసోని బనగానపల్లెకు నీళ్లు పారిస్తాదంటే పక్కింటి జ్ఞానరాజు నవ్వె. నొక్కి చూపిచ్చినా. ఒక్కసారే.”

“ఒక్కసారేనా?”

“ఒకటో, రెండో.”

“దేవా! నువ్వేనా! దొంగలెవురూ లేరు. బతికినా. ఇదో, ఆపినా. ఓబులేష్‌కు చెప్పే పనే లేదు.”

“నేను చెప్పలా, ఏం కాదని?”

“తాతా.”

“మళ్లేంది?”

“మళ్లా తిరిగె. నీ ఫోను నా చేతిలోనే ఉండాది.”

“జ్ఞానరాజు ఒక్కడు నమ్మితే సరిపోతాదా… పొద్దున్నే వాక్యం పెట్టే సంఘం గ్రూపులో ఆ పేజీ లింకు పెట్టినా. నేనేం పెట్టినా వాళ్లు ఆమెన్ అని నొక్కుతారు.”